గేటు బయటి ఊలుండ

మా పాత ఇంటి పక్కన ఉండే అక్క పోయిందని మొన్న ఉదయం ఆమె తమ్ముడి కోడలు ఫోన్ చేసి చెప్పింది. నేను వెళ్ళేసరికి ఆమెను గేటు దాటించి తీసుకుపోతున్నారు. ఆ గేటును అక్క తనంతట తాను దాటడం నేను ఒక్కసారే చూశాను. ఆ సంగతి తెలిసినవాళ్ళలో మిగిలింది నేనే గనక రాస్తున్నాను.

ఎనభైల్లో ఎల్‌బీ నగర్ దగ్గర మేము ఇల్లు కట్టుకున్నప్పుడు చుట్టూ బండరాళ్ళు, ప్లాట్లకు గీసిన సున్నపు గీతలు, సగం లేచిన గోడలు. ఆ నేలంతా ఒకప్పుడు అక్క పుట్టింటివాళ్ళ జొన్నచేను. ఆమె భర్త మిలిటరీలో ఉండేవాడు. ఆయనతో పంజాబులో ఉన్నప్పుడు అక్కడి ఇరుగుపొరుగు ఆడవాళ్ళ దగ్గర స్వెటర్లు అల్లడం నేర్చుకుంది. ఆయన పోయాక తమ్ముళ్ళు తీసుకొచ్చి మా పక్క ప్లాటులో ఇల్లు కట్టించి ఉంచారు. సరుకులు వాళ్ళే పంపేవారు. గేటు దాటి రావద్దన్నారు.

నా సంగతీ అంతే. గుంటూరు నుంచి వచ్చినదాన్ని, బి.ఎడ్. చదివాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక స్కూలువాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు. వేసవి సెలవులు అయ్యేలోపు ఏ సంగతో చెప్పమన్నారు. మా అత్తగారు ఒకటే మాట అన్నారు: “కోడలు బస్సులు పట్టుకు తిరిగితే కొంప ఎవరు చూస్తారే?” పక్కింటికి మాత్రం పంపేవారు, అక్కడ మగవాళ్ళు ఉండరు గనక. అందుకు నేను చెప్పిన సాకు స్వెటర్. అత్తగారికి చలికాలం దగ్గు, ఆవిడకే అల్లుతానన్నాను.

అక్క ఊలుండను దొర్లిపోకుండా ఇత్తడి చెంబులో పెట్టుకునేది. వరండాలో కూర్చుని, సూదుల వంక చూడకుండానే అల్లేది. రోడ్డు మీద బస్సు వినబడితే చెయ్యి ఆగేది. “గది చంపాపేట్ దిక్కు పొయ్యేది,” అనేది. చప్పుడును బట్టి ఏ బస్సో చెప్పేది. వాటిలో ఒక్కదాన్నీ ఎక్కలేదు.

కుట్లు ఎక్కించడం, సీదా కుట్టు, తిరగేసి ఉల్టా కుట్టు, అంచు కోసం ఒకటి సీదా ఒకటి ఉల్టా, చంక దగ్గర రెండు కుట్లు కలిపి ఒకటి చేయడం, అన్నీ ఆమె దగ్గరే నేర్చుకున్నాను. లెక్క నాకు ఎన్నడూ తప్పలేదు. తప్పింది చెయ్యి.

“ఏందమ్మా గట్ల బిగవడ్తున్నవ్? ఊలు పారిపోతదా?”

“వదిలితే వంకరొస్తుందక్కా.”

“వస్తె రానీ. వంకరున్నదాన్ని తొడుక్కోవచ్చు. బిగుసుకున్నదాన్ని ఏం జేస్తవ్?”

వెనక భాగం, ముందు భాగం, చేతులు అయ్యాయి. మిగిలింది మెడ. “ఆఖర్న కుట్లు మూసేటప్పుడు చెయ్యి వదులు,” అని మరీ మరీ చెప్పింది. నేను ఇంటికి తెచ్చుకుని, అందంగా రావాలని బిగించి మూసి, చివర ముడి వేశాను.

మర్నాడు మధ్యాహ్నం అత్తగారు తొడుక్కున్నారు. ఎలాగో నుదురు దాటింది, ముక్కు దగ్గర ఆగింది. వెనక్కి లాగితే కొప్పు అడ్డం. ముందుకు లాగితే దుద్దులకు ఊలు చిక్కుకుంది. చేతులు పైకి లేచి అలాగే ఉండిపోయాయి.

“ఊపిరాడటం లేదే,” అన్నారు లోపల్నుంచి. “కత్తెర మాత్రం తేకు. చెవులు తెగుతాయి.”

నేను గోడ దగ్గరికి పరుగెత్తి, “అక్కా, మా అత్తగారి తల ఇరుక్కుంది,” అన్నాను. అక్క ఒక్క క్షణం తన గేటు వంక చూసింది. తర్వాత సూది పట్టుకుని గేటు తీసుకుని, రోడ్డు మీదుగా మా ఇంటికి వచ్చింది.

మెడ దగ్గర నేను వేసిన ముడి వెతికి విప్పసాగింది.

“తొందరగా కానివ్వమ్మా,” అన్నారు అత్తగారు.

“జర ఆగుండ్రి పెద్దమ్మా. లోపల ఎట్లుంటదో మీకూ జర ఎరుక కావాలె గద.”

ముడి విడిపోయింది. మూసిన వరుస సర్రున ఊడి, మెడ తెరుచుకుని, తల బయటికి వచ్చింది. జుట్టంతా రేగిపోయి, ఆవిడ అక్క ముఖంలోకి చాలాసేపు చూశారు. అక్క మాత్రం విడిచిన కుట్లు జారిపోకుండా ఒక్కొక్కటే సూదికి ఎక్కించుకుంటూ ఉంది.

ఆ సాయంత్రం గోడవతల తమ్ముడి గొంతు వినబడింది.

“గేటు దాటే పనేమొచ్చిందక్కా? నలుగురు జూస్తె ఏమనుకుంటరు?”

“ఆమె తల ఇరుక్కుందిరా.”

“వాళ్ళింట్ల మనుషులు లేరా?”

ఆ తర్వాత అక్క మళ్ళీ ఎన్నడూ గేటు దాటలేదు.

కొన్నాళ్ళకు అత్తగారు బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా, “ఆ దిల్‌సుఖ్‌నగర్ బస్సు పొద్దున ఎన్నింటికే?” అని అడిగారు. నా బతుకు తెరుచుకున్నది ఆ ప్రశ్నతోనే. దాని వెనక ఎవరున్నారో ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు. అక్క సరిచేసి మూసిన మెడతో ఆ స్వెటర్‌ను ఆవిడ చివరిదాకా తొడుక్కున్నారు.

రిటైరయ్యేదాకా ఉద్యోగం చేశాను. రోజూ సాయంత్రం అక్క అడిగేది: “ఇయ్యాల బస్సుల ఎవరెవరున్నరు?” కండక్టరు కసుర్లు, దారిలో ఎక్కే పూలమ్మే ఆమె మాటలు అన్నీ చెప్పించుకునేది. తనను కూడా తీసుకుపొమ్మని ఎప్పుడూ అనలేదు. నేను పిలిస్తే, “నువ్వు పో, పొయ్యొచ్చి చెప్తె నేను ఇంటా గద,” అనేది.

ఆమె తలపుకొస్తే నాకు గుర్తొచ్చేది నేను మొదటిసారి డ్యూటీకి వెళ్ళిన ఉదయం. చూడాలన్న ఆత్రంలో చెంబు మరిచి, అల్లిక చేతిలో పట్టుకునే గేటు దాకా వచ్చింది. ఊలుండ జారి, గేటు కింద నుంచి దొర్లి రోడ్డు మీద పడింది. గేటు గడియ ఆమె చేతికి అందేంత దగ్గరలోనే ఉంది. ఆమె గడియ ముట్టుకోలేదు. లోపల నిలబడి దారం లాగుతోంది. దారం వస్తూనే ఉంది. ఉండ మాత్రం ఎర్రమట్టిలో అక్కడే తిరుగుతోంది.