ప్లాస్టిక్ బతుకమ్మలో రెండు పూలు

నవతకు చిన్నప్పటి నుంచీ పిరికిదని పేరు. మాణికేశ్వర్ నగర్‌లో, యూనివర్సిటీ గోడను ఆనుకున్న గల్లీలో పుట్టి పెరిగింది. తండ్రి లక్ష్మయ్య హాస్టల్ మెస్సులో వంట చేసేవాడు. క్యాంపస్‌లో గొడవలైనప్పుడల్లా టియర్ గ్యాస్ పొగ గోడ దాటి వాళ్ళింట్లోకి వచ్చేది. తల్లి పిల్లలిద్దరి ముఖాలకూ తడిగుడ్డ కట్టి మంచం కిందికి తోసేది. తమ్ముడు కమలాకర్‌కు అదొక ఆట, కిలకిలా నవ్వేవాడు. నవత మాత్రం పొగ పోయాక కూడా మంచం కింద నుంచి వచ్చేది కాదు.

పెద్దయ్యాక ఆ భయం పోలేదు, రూపం మార్చుకుందంతే. అదే క్యాంపస్‌లో లైబ్రరీ ఉద్యోగం వచ్చింది. ఇంటి నుంచి బయలుదేరితే గ్యాస్ కట్టేశానా లేదా అని సగం దారిలోంచి వెనక్కి వచ్చేది. పెళ్ళి మాట ఒకటి రెండుసార్లు వచ్చి, ఆమె ఎటూ తేల్చుకోలేకపోవడంతో వెనక్కి పోయింది. నలభై దాటాక తార్నాకలో తమ్ముడి ఫ్లాట్‌లో, ఒక గదిలో ఉంటోంది. కమలాకర్ భార్య సింధూజ స్కూల్ టీచరు. వాళ్ళ కూతురు కౌముదికి ఇంకా రెండేళ్ళు నిండలేదు. నడక కంటే ముందు పరుగు నేర్చింది.

ఇలాంటి మనిషి, ఒకదానికొకటి నొక్కి బొమ్మలు కట్టే ప్లాస్టిక్ ఇటుకల పిచ్చిలో పడిందంటే లైబ్రరీలో ఎవరూ నమ్మలేదు. ఒకసారి క్యాంపస్‌లోని ఓ హాల్లో పెద్దవాళ్ళు, మీసాలు నెరిసినవాళ్ళు సైతం, తాము కట్టిన బొమ్మల ఊళ్ళు బల్లల మీద పెట్టుకుని నిలబడి ఉంటే చూసింది. మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చిన శశిభూషణ్ అనే ఇంజనీరు ఒక స్టేషన్ కట్టి తెచ్చాడు. జనం తోపులాటలో నవత మోచేయి తగిలి ప్లాట్‌ఫాం కప్పు కూలిపోయింది. ఆమె వంగి ముక్కలు ఏరబోయింది. ఆయన మాత్రం తాపీగా, "పర్లేదండీ, ఇది పడ్డానికే పుట్టింది. మళ్ళీ కట్టుకుంటాం" అన్నాడు. ఆమె కళ్ళ ముందే, మాట్లాడుతూ మాట్లాడుతూనే, కప్పు మళ్ళీ నిలబెట్టాడు.

చెడినదాన్ని మళ్ళీ కట్టుకోవచ్చునన్న ఆ ఒక్క మాట ఆమెను పట్టుకుంది. ఆ ఆదివారమే తార్నాకలో టిఫిన్ సెంటర్ పైన గదిలో జరిగే వాళ్ళ సమావేశానికి వెళ్ళింది. బ్యాంకు ఆఫీసరూ పళ్ళ డాక్టరూ సాఫ్ట్‌వేర్ వాళ్ళూ నేల మీద బాసింపట్టు వేసుకుని ఇటుకలు ఏరుతున్నారు. తమను తాము "ఇటుకల బ్యాచ్" అని పిలుచుకుంటారు. ఈ వయసులో ఇదేంటని అక్కడెవరూ అడగరు.

మరుసటి ఏడాది ప్రదర్శనకు నవత తను పుట్టిన గల్లీ కట్టింది. రేకుల కప్పులు, నీళ్ళ డ్రమ్ములు, వెనక యూనివర్సిటీ గోడ. నడుమ ఆడవాళ్ళ బొమ్మలు చుట్టూ చేరిన బతుకమ్మ. ఆ బతుకమ్మను శనగగింజంత పూల ముక్కలతో వరసమీద వరస పేర్చింది. పసుపు, కాషాయం, గులాబీ. ఒక్కో పువ్వుకు నడుమ సన్నటి బెజ్జం. కౌముది చేయి పడుతుందని గది తలుపుకు పైన గడియ పెట్టించింది. అది పడిందా లేదా అని రోజూ లాగి చూసేది.

ప్రదర్శన దగ్గరపడుతుండగా ఒక ఆదివారం ఉదయం తమ్ముడూ మరదలూ నల్లకుంటలో గృహప్రవేశానికి వెళ్ళారు. పిల్లకు కొద్దిగా జలుబుంటే నవత దగ్గర ఇంట్లోనే ఉంచారు. పిల్ల హాల్లో ఆడుకుంటోంది. నవత తన గదిలో ఉండగా వంటింట్లో పాలు పొంగిన వాసన వచ్చింది. ఒక్క ఉదుటున లేచి, గడియ పెట్టడం మరిచి పరుగెత్తింది. పొయ్యి కట్టేసి, గట్టు తుడుస్తూండగా తన గదిలోంచి దగ్గు వినిపించింది. మామూలు దగ్గు కాదు. ఆగకుండా, ఊపిరి తీసుకునే సందివ్వకుండా వచ్చే దగ్గు.

వెళ్ళి చూస్తే బతుకమ్మ నేలమీద చెల్లాచెదురై ఉంది. పిల్ల దాని నడుమ కూర్చుని ఉంది. ముఖం కందిపోయింది, కళ్ళలో నీళ్ళు. నవత పిల్లను ఒడిలో బోర్లా వేసుకుని వీపు తట్టింది. నోరు తెరిచి చూసింది. ఏమీ లేదు. కాసేపటికి దగ్గు ఆగింది. పిల్ల ఏడ్చింది, నీళ్ళు తాగింది, బిస్కెట్ కావాలంది.

ఏం కాలేదులే అనుకుంది నవత. పూలన్నీ ఊడ్చి డబ్బాలో పోసింది. ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేసింది. చెబితే సింధూజ ఏమంటుందో తెలుసు. పైగా పిల్ల ఆడుకుంటోంది కదా, ఊరికే కంగారుపెట్టడం ఎందుకని తనకు తానే సర్ది చెప్పుకుంది. జీవితమంతా లేని ప్రమాదాలకు భయపడిన మనిషి, ఆ పూట మాత్రం భయాన్ని నమ్మలేదు.

ఆడి ఆడి పిల్ల ఆమె భుజం మీద నిద్రపోయింది. అప్పుడు వినిపించింది. ఊపిరి వదిలినప్పుడల్లా సన్నటి ఈల. జలుబుకు ముక్కులో అయ్యే చప్పుడేమో అనుకుని పిల్ల ముక్కు దగ్గర చెవి పెట్టింది. అక్కడ కాదు. కుడి పక్కన, పక్కటెముకల లోపలి నుంచి వస్తోంది. నవత చెప్పులు కూడా వేసుకోకుండా పిల్లను ఎత్తుకుని మెట్లు దిగి ఆటో ఎక్కింది. ఆటోలోంచే తమ్ముడికి ఫోన్ చేసింది. ఏం చెప్పిందో ఆ తర్వాత ఆమెకు గుర్తులేదు.

పిల్లల ఆసుపత్రిలో డాక్టరమ్మ చాలాసేపు స్టెతస్కోపు పెట్టి విన్నది. ఎక్స్‌రే తీయించింది. కుడి ఊపిరితిత్తిలో గాలి కొంచెం ఎక్కువ నిలిచిందని, ఏదో అడ్డం ఉన్నట్టే ఉందని చెప్పింది. ప్లాస్టిక్ ముక్క ఎక్స్‌రేలో కనబడదు. మత్తిచ్చి, సన్నటి గొట్టం గొంతులోంచి దించి తీయాలి. పిల్ల బిస్కెట్ తిన్నది కాబట్టి కడుపు ఖాళీ అయ్యేదాకా ఆగాలి, ఈలోగా మత్తు డాక్టరు కూడా వస్తాడు. ఇదంతా నెమ్మదిగా చెప్పి, చివరికి ఆమె నవత వైపు తిరిగింది.

"నాకు రెండు సంగతులు తెలియాలమ్మా. ఆ ముక్క ఎట్లుంటదో తెలియాలి, అట్లాంటిదే ఒకటి తీసుకురండి. ఇంకోటి, లోపలికి పోయింది ఒకటేనా, రెండా? ఒకటి తీసినంక ఇంకోటి లోపల ఉండిపోతే కష్టం."

నవత తెలియదంది. మింగడం తను చూడలేదు.

అంతలో కమలాకర్, సింధూజ వచ్చారు. పట్టుచీరతో, చెదిరిన జుట్టుతో సింధూజ పిల్లను గుండెకు హత్తుకుంది. ఎప్పుడైందని అడిగింది. పొద్దున అని నవత చెప్పగానే ఆమె ముఖం మారిపోయింది.

"పొద్దుగాల్ల అయితే ఇప్పుడా వదినా చెప్పేది?"

నవత తల వంచుకుంది. సింధూజ పిల్లను తీసుకుని అటు తిరిగింది. తిట్టినా ఇంత భయం వేసేది కాదు నవతకు.

ఆటోలో ఇంటికి వస్తూ ఇటుకల బ్యాచ్ ఫోన్ గ్రూపులో ఒక్క మాట పెట్టింది: పిల్ల పూల ముక్క మింగింది, ఎన్ని పోయాయో తెలియాలి, ఎవరైనా రండి. ఇల్లు చేరేసరికి శశిభూషణ్ మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. వెనకే పళ్ళ డాక్టరు, ఇంకో ఇద్దరు వచ్చారు.

పూలు ఎన్ని వాడిందో నవత ఎప్పుడూ లెక్క పెట్టుకోలేదు. చేతికి వచ్చినన్ని పేర్చుకుంటూ పోయింది. తెలుసుకోవడానికి ఒకటే దారి, బతుకమ్మను మళ్ళీ కట్టాలి. అంతకు ముందు రోజు మురిసిపోతూ గ్రూపులో పెట్టిన ఫోటోలు నాలుగు వైపుల నుంచీ ఉన్నాయి. శశిభూషణ్ వాటిని పెద్దవి చేసి పట్టుకున్నాడు. డబ్బాలోని పూలు దుప్పటి మీద పోశారు. మిగతావాళ్ళు మంచం జరిపారు, ఫ్రిజ్ జరిపారు, చీపురుతో ప్రతి మూలా ఊడ్చారు, దొరికిన పువ్వు దొరికినట్టు దుప్పటి మీద వేశారు.

నవత కింది వరస మొదలుపెట్టింది. పువ్వు బెజ్జం ఒక పట్టాన కింది ముక్కకు అమరడం లేదు. "మీరు చెప్పండి, నేను పెడతాను" అన్నాడు శశిభూషణ్. ఆమె వద్దంది. తన చేతులే ఎక్కడ ఏది పెట్టాయో గుర్తుపట్టగలవు. పసుపు వరస నిండింది. కాషాయం నిండింది. ఒక్కో వరస ముగిసినప్పుడల్లా, ఎక్కడా ఖాళీ రాకూడదని ఆమెలో సగం మొక్కుకుంటోంది. ఖాళీ రాకపోతే ఆ ఈల దేనిదని మిగతా సగం అడుగుతోంది.

పైన గులాబీ వరసలో ఖాళీ వచ్చింది. ఒకటి కాదు, రెండు.

నవత గోడకు జారగిలబడింది. ఒకటి ఊపిరితిత్తిలో ఉంటే రెండోది ఎక్కడుంది? అది రెండో ఊపిరితిత్తిలోకి పోతే? చిన్నప్పుడు మంచం కింద తడిగుడ్డలోంచి ఊపిరి పీల్చినప్పటిలా ఆమెకు గాలి అందలేదు.

"మీరు ఆసుపత్రికి వెళ్ళండి" అన్నాడు శశిభూషణ్. "రెండు లేవని చెప్పండి. దాచకండి. మేం ఇక్కడే ఉండి వెతుకుతాం. ఇంట్లో ఉన్న ముక్క ఇంట్లోనే దొరుకుతుందండీ."

గులాబీ పువ్వొకటి పిడికిట్లో పెట్టుకుని నవత మళ్ళీ ఆటో ఎక్కింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆ పువ్వును అటూ ఇటూ తిప్పి, వెలుతురుకు పెట్టి బెజ్జంలోంచి చూసింది. ఈ బెజ్జం గుండానే గాలి ఆడుతోందని, ఆ ఈల దీనిదే అయి ఉంటుందని చెప్పింది. రెండు ముక్కలు కనబడడం లేదని నవత అందరి ముందూ చెప్పింది. సింధూజ వింది. కమలాకర్ గోడకేసి నుదురు ఆనించాడు.

పిల్లను లోపలికి తీసుకుపోయారు. తలుపు మూసుకుంది. సింధూజ ఒక కుర్చీలో, నవత ఆ చివరి కుర్చీలో. మధ్య కుర్చీలన్నీ ఖాళీ. లోపల ఆ చిన్న ఛాతీ మీద ఎందరి చేతులున్నాయో, పిల్ల మత్తులోంచి లేస్తుందో లేదో, అన్నీ ఒకదాని మీద ఒకటి కమ్ముకొస్తుంటే నవత కళ్ళు మూసుకుంది. మూసుకుంటే ఇంకా స్పష్టంగా కనబడుతున్నాయని తెరిచింది.

ఫోన్ మోగింది. శశిభూషణ్.

"దొరికిందండీ. మీరు కట్టిన గోడలో పెద్ద ఇటుక అడుగున, ఆ బోలులో ఇరుక్కుని ఉంది. పాప ఆ ఇటుకను పువ్వు మీదే పెట్టి గోడకు నొక్కేసినట్టుంది. పైనుంచి చూస్తే ఏమీ కనబడలేదు. గోడంతా విప్పేశాం, ఏమనుకోకండి."

నవత లేచి పోయి తలుపు తట్టి, బయటికి వచ్చిన నర్సుతో లోపల ఒకటే ఉందని, రెండోది దొరికిందని చెప్పింది. నర్సు తలూపి లోపలికి వెళ్ళింది. తిరిగి చూస్తే సింధూజ ఆమెనే చూస్తోంది. వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. ఆమె చేయి నవత మణికట్టును పట్టుకుంది. గట్టిగా, గాజులు నొక్కుకునేంత గట్టిగా పట్టుకుంది. అది కోపమో భయమో నవతకు తెలియలేదు. తన చేయి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

డాక్టరమ్మ ఒక చిన్న సీసాతో బయటికి వచ్చింది. అందులో గులాబీ పువ్వు. రెండు పక్కలా చూశానని, ఇంకేమీ లేదని, పిల్ల బాగుందని చెప్పింది. సింధూజ అప్పుడు ఏడ్చింది.

ఇంటికి వచ్చాక కమలాకర్ ఇటుకలన్నీ బయట పారేస్తానన్నాడు. వద్దంది సింధూజే.

"పిల్ల ఉన్న ఇంట్ల గవి ఉండొద్దు, గంతే. నువ్వు చేసుకునుడు ఇడిసిపెట్టమని నేనంటలేను వదినా. గానీ ఏదన్న అయితే నాకు అప్పుడే చెప్పాలె. నేనేమంటనో అని భయపడి దాచుకోవద్దు."

నవత సరేనంది. మర్నాడే ఇటుకల డబ్బాలన్నీ, కట్టిన గల్లీతో సహా, మెట్టుగూడలో శశిభూషణ్ క్వార్టర్‌కు చేరాయి. కానీ ఆమె వాటిని ముట్టుకోలేకపోయింది. ఆదివారాలు టిఫిన్ సెంటర్ పైన గదికి వెళ్ళి ఒక మూల కూర్చుని వచ్చేసేది. వాళ్ళూ బలవంతం చేయలేదు. విప్పేసిన గోడను వాళ్ళే మళ్ళీ కట్టారు. ప్రదర్శన నాడు క్యాంపస్ హాల్లో గల్లీ నిలబడింది, దాని పక్కన నవత నిలబడింది. చుట్టూ తాడు కట్టించింది. ఏ పిల్లవాడు తాడు దాటి చేయి చాచినా ఆమె చేయి ముందుకు పోయేది. వచ్చిన తల్లులందరికీ మొదట చెప్పింది, ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ ముక్కలు వద్దనే.

సింధూజ చాలా రోజుల దాకా పిల్లను ఆమె దగ్గర ఒంటరిగా వదల్లేదు. నవతకు సెలవున్న రోజు కూడా, స్కూలుకు పోయేటప్పుడు కింది ఫ్లాట్‌లో దింపి వెళ్ళేది. అది న్యాయమేనని నవతకు తెలుసు. అయినా ఆ తలుపు మూసుకున్న ప్రతిసారీ, లోపల పిల్ల గొంతు వినిపించేదాకా మెట్ల మీద నిలబడేది.

తర్వాత ఒక ఉదయం కింది ఫ్లాట్‌వాళ్ళు ఊళ్ళో లేరు. కమలాకర్ అప్పటికే ఆఫీసుకు వెళ్ళిపోయాడు. నవత, లైబ్రరీకి సెలవు పెడతానని తనంతట తాను అనలేక గుమ్మంలో నిలబడింది. సింధూజ బ్యాగు భుజానికి తగిలించుకుని కౌముదిని ఎత్తుకుని వచ్చింది. ఒక్క క్షణం ఆగింది. పిల్లను ఆమె చేతుల్లో పెట్టి, "పదకొండింటికి అన్నం పెట్టు వదినా. ముద్దలు చిన్నగ చెయ్యి" అని చెప్పి మెట్లు దిగిపోయింది.

సింధూజ తిరిగి వచ్చేదాకా నవత పిల్లను కింద దించలేదు. అన్నం కూడా ఒళ్ళోనే పెట్టుకుని తినిపించింది. ప్రతి ముద్దకూ ముందు తన వేళ్ళతో నలిపి, మింగేదాకా చూసి, ఆ తర్వాతే ఇంకో ముద్ద పెట్టింది. చేతులు తిమ్మిరెక్కాయి, భుజం లాగింది. కౌముది మాత్రం అత్త జడ పట్టుకుని ఏదో పాట పాడుకుంటూ కూర్చుంది.