ముందు చెంబు ఎవరిచ్చారు

నిజాం రాజ్యం పోయిన పదేళ్లకు, నిర్మల్ నుంచి ఆదిలాబాద్ పోయే బస్సులో కిటికీ సీటు కోసం ఒకతను నా చొక్కా పట్టుకున్నాడు. అతణ్ణి ఒంటిచేత్తో పైకెత్తానని మా ఇంట్లో చాలాసార్లు చెప్పాను. నిజానికి ముందు నేనే అతని కండువా పట్టుకున్నాను.

దారిలో టైరు పగిలింది. ఎండకు తాళలేక ఇద్దరం రోడ్డు పక్క మట్టి గదిలోకి దూరాం. లోపలి గోడ మీద రెండు చేతులూ చాపి నిలుచున్న మనిషి బొమ్మ ఉంది. ఎంత కిందికి వేశారంటే, నేల మీద కూర్చుంటే తప్ప ముఖం సరిగ్గా కనపడదు. కూర్చున్నాం.

"ఆయన నా పెనిమిటి," అంది కుండ దగ్గరున్న ముసలమ్మ. "చెరువు నీళ్ల కాడ రెండూర్లోళ్లు కట్టెలు పట్టుకొని వస్తే నడుమ నిలబడ్డడు. పానం పోయింది, కొట్లాట ఆగింది. మీరు గూడ కొట్లాడే వచ్చిండ్రు గదా? మొకాలే చెప్తున్నయ్. గీడికొచ్చినోళ్లు ఒకలికొకలు నీళ్లియ్యకుండ పోరు బిడ్డా."

టైరు మార్చినట్టున్నారు, బయట బస్సు హారన్ మోగింది. కుండ మీది చెంబును ఇద్దరం ముట్టలేదు.

"పోతే పోండ్రి. ఆయన ఉత్తగనే సచ్చిండనుకుంట," అందామె.

ముందు చెంబు అందించింది నేనేనని ఇన్నేళ్లూ చెబుతూ వచ్చాను. కాదు. "తాగే అన్నా" అని అతనే ఇచ్చాడు. నేను గటగటా తాగేశాను. ఆమె మళ్లీ నింపి నా చేతిలో పెట్టింది.

రెండో చెంబు నేనే ఇచ్చాను. ఆ బొమ్మ ఎదుట కూర్చుని నా చేత్తో ఇచ్చింది కాబట్టి, దానికి మాత్రం ఒక్క అబద్ధం కూడా కలపలేదు.