మొద్దు గొంతు గిటారు

మొన్న మంగళవారం కందిబేడలు కుక్కర్‌లో పెట్టి, ఎప్పటిలాగే విజిల్స్ లెక్కపెట్టుకోవడానికి వరండాలో కూర్చున్నాను. మా ఇంట్లో బేడలకు మూడు విజిల్స్. రెండైతే పలుకు, నాలుగైతే గంజి. ఆ రోజు ఒక్కటీ రాలేదు. గ్యాస్ అయిపోయిందేమో అనుకుంటుండగా పక్కింటి కోడలు పరుగున వచ్చి పొయ్యి ఆపేసింది. "ఏమవ్వా, వీధి కొస దాకా ఇనపడతాండాది కుక్కరు, నీకు ఇనపడల్యా? అడుగంటిపోయినాది సూడు!" అని అరిచింది. అరిచింది కాబట్టి ఆ మాటైనా వినపడింది. ఆమె వెళ్లాక మాడిన గిన్నెలో నీళ్లు పోసి ఊరికే కూర్చున్నాను. ఈ ఇంట్లో మాట్లాడే మనిషి లేక రెండేళ్లు దాటింది. ఇక చప్పుళ్లు కూడా పోతే నాకు తోడు ఏముంటుంది? అప్పుడే గోడకు వేలాడుతున్న గిటారు మీద చూపు పడింది.

ధర్మవరంలో మాది నేతపని ఇల్లు. మా ఆయన పట్టుచీరలు నేసేవాడు. చేతిమగ్గం గిట్టక అమ్మేసి, మరమగ్గాల షెడ్డులో పనికి కుదిరాడు. ఆ రొద ఆయన రెండు చెవులనూ తీసుకుంది. పని మానేశాక మంచం మీద కూర్చుని చేతులు ఆడించేవాడు, లేని మగ్గం మీద పోగు మోసే నాడెను ఈ చేతి నుంచి ఆ చేతికి విసురుతున్నట్టు. తిండి తగ్గింది, మాట ఒకటీ అరా అయిపోయింది. ఒకరోజు టీవీలో ఎవరో గిటారు వాయిస్తుంటే ముందుకు జరిగి కూర్చున్నాడు. పాట వినపడదు కదా, వేళ్లనే చూస్తున్నాడు. "ఆరు పోగులు! ఆరు పోగులకే ఎంత కులుకుతాండాడో సూడు. నేను వేల పోగులు సూసినోన్ని" అన్నాడు. ఎన్నో వారాల తర్వాత ఆయన నోట వచ్చిన పొడుగాటి మాట అది. మనిషిని మళ్లీ మనుషుల్లోకి లాగడానికి ఇంకో దారి నాకు తోచలేదు. ఆ శనివారమే అనంతపురం బస్సెక్కించాను.

గిటార్లు అమ్మే అంగడాయన "మనవనికా అవ్వా?" అని అడిగాడు. "కాదప్పా, ఈయనకే" అన్నాను. మా ఆయన నెరిసిన తల చూసి, మెత్తటి నైలాను తంతులున్నది తెచ్చి ఇచ్చాడు. "కొత్తగా నేర్చేవాళ్లకు ఇదే మేలు పెద్దాయనా. ఇనుప తంతులు వేళ్లు కోస్తాయి" అని వేలు తెగినట్టు చేసి చూపించాడు. మాట వినపడకపోయినా సైగ అర్థమై, మా ఆయన కాయలు కాచిన వేళ్లను అతని ముక్కు కింద పెట్టాడు. "కొయ్యమను, సూస్తా."

నేను చీరైనా చేటైనా తిరగేసి చూడనిదే కొనను. అన్నీ తిరగేసి, మీటించి, చిన్న ఎర్ర గిటారు ఒకటి ఎంచాను. మువ్వలా పలికింది. మా ఆయన మాత్రం ఒక్కోదాన్ని ఎదకు హత్తుకుని, మగ్గం మీద పడుగు పోగుల బిగువు చూసినట్టు లావు తంతిని బొటనవేలితో మీటి, కళ్లు మూసుకుంటున్నాడు. చివరికి పెద్ద బొజ్జతో ఉన్న నల్లటిదాన్ని పట్టుకుని వదల్లేదు. ఖాళీ కడవను తట్టినట్టుంది దాని గొంతు.

"ఇదేందప్పా, మొద్దు గొంతు! ఈపు మీద గీత గూడా ఉండాది. ఆ ఎర్రది ఎంత బాగా పలుకుతాండాదో!" అని చెవి దగ్గర అరిచాను.

"నీకు ఇనపడేది నాకెందుకే? నాకు ఇనపడేది కావల్ల" అని గుండె మీద తట్టుకున్నాడు. "ఈడ ఇనపడతాండాది."

ఇంటికి చేరేదాకా సణిగాను. ఆయన ఒక్క పాటా నేర్చుకోలేదు. పొద్దున్నే గిటారును ఎదకానించుకుని, మగ్గం నడిచే తాళంలో ఆ లావు తంతినే మీటేవాడు. నెల తిరక్కుండానే చారులో ఉప్పు తక్కువైందని నాతో తగువు పెట్టుకున్నాడు. ఆ తగువుకు నేను ఎంత సంతోషించానో ఆయనకు చెప్పలేదు.

ఆయన పోయాక దాన్ని శుక్రవారం శుక్రవారం తుడవడమే గానీ మీటింది లేదు. మొన్న కిందికి దించి, దూరంగా పట్టుకుని మీటాను. ఏమీ లేదు, గాలి కదిలినట్టుందంతే. తర్వాత ఆయనలాగే ఎదకు హత్తుకుని మీటాను. పక్కటెముకల్లో మగ్గం దబ్బుమంది. మళ్లీ మీటాను. కుక్కర్ గిన్నె సంగతి పొద్దుగూకేదాకా గుర్తుకు రాలేదు.

ఆ ఎర్రదే కొని ఉంటే ఈపాటికి నా ఇంట్లో అది మూగదై ఉండేది. కాలం మొగుడినీ పెళ్లాన్నీ ఒకే చోటికి తెస్తుంది గానీ, ఒకేసారి తీసుకురాదు.