మూడో బిడ్డకు రాసిన స్టాంపు కాగితం

పోయిన నెల మా ఊరి పంచాయతీ ఆఫీసులో నాకు శాలువా కప్పబోయారు. నేను చేసిన ఘనకార్యం ముగ్గురు పిల్లల్ని కనడం. పన్నెండేళ్ల క్రితం అదే గదిలో నా నామినేషన్ తీసి పక్కన పడేశారు. అప్పుడు నేను చేసిన నేరమూ అదే.

ఆ ఏడాది సర్పంచ్ పదవి ఆడవాళ్లకు వచ్చింది. మా వీధికి మంచినీళ్ల కుళాయి లేదు, బిందెలు మోసి మోసి నా నడుం పడిపోయింది. గెలిస్తే ముందు పైపులు వేయిద్దామని పోటీకి దిగాను. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు పనికిరారన్నారు. జనం పెరిగితే తినే నోళ్లు పెరుగుతాయట, దేశం బీదదైపోతుందట. నాకు పెద్దవాళ్లిద్దరూ మగపిల్లలు, మూడోది ఆడపిల్ల.

మా బావగారు ఉపాయం చెప్పారు. "పిల్లని చిలకలూరిపేటలో మా చెల్లెలికి దత్తతిచ్చినట్టు కాగితం రాసెయ్యమ్మాయ్. ఓ నెల అక్కడుంచి తెచ్చుకుందువుగాని."

సంతకం పెట్టాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని పెట్టించలేదు. మిరపకాయలు ఎండబోసిన కల్లంలో కూర్చుని, కారం చేతులతోనే పెట్టాను. పిల్లకి పదకొండేళ్లు. కాగితం తీసుకుని పైకి చదివింది. "ఇకనించి నేను అత్త కూతుర్నా?" అంది. "ఉత్తుత్తికేలేవే" అన్నాను.

ఆఫీసరు ఆ కాగితం చూసి నవ్వాడు. "ఎవరికిచ్చినా కన్నది మీరేగదమ్మా. లెక్క ముగ్గురే." రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. నెల తర్వాత పిల్ల తిరిగొచ్చింది గానీ, మళ్లీ నాచేత జడ వేయించుకోలేదు.

ఇప్పుడు పాట మారింది. పోయిన నెల సభలో మైకు పట్టుకున్న పెద్దమనిషి, "పిల్లలు తగ్గిపోతున్నారు. రేపు పనిచేసే చేతులుండవు, ఆర్థికాభివృద్ధి ఆగిపోతుంది. ఈ తల్లిని చూసి నేర్చుకోండి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ రోజు తినే నోరైన పిల్ల ఈ రోజు పనిచేసే చెయ్యి ఎట్లా అయింది? చేతులే కావాలంటే మా చేలోకి రమ్మనండి. మిరపకాయ కోతకి కర్నూలు వైపునించి వచ్చినవాళ్ల పిల్లలు బడి మానేసి, గట్టు మీద ఘాటుకి దగ్గుతూ కూర్చుంటారు. పుట్టినవాళ్లకి పలక ఇవ్వలేనివాళ్లు పుట్టబోయేవాళ్ల గురించి ఉపన్యాసాలిస్తారు. సిగ్గుండాలి.

నా కూతురు ఆ సభలో వెనక వరసలో కూర్చుంది. చిలకలూరిపేటలో స్పిన్నింగ్ మిల్లులో పని చేస్తుంది. పెళ్లయింది, ఏడాది పాప ఉంది. నన్ను చూసి పోదామని వస్తే సభకి నేనే వెంటబెట్టుకుపోయాను. "ముగ్గురు బిడ్డల తల్లి" అని పెద్దమనిషి నన్ను పిలవగానే పాపని చంకనేసుకుని లేచి నిలబడింది.

"ఇద్దరేనండి. మూడోదాన్ని రాసిచ్చేసింది."

అందరూ నా మొహం వంక చూస్తున్నారు. నేను మైకు లాక్కున్నాను.

"అది చెప్పింది నిజం. పదవి మీద ఆశకొద్దీ రాసిచ్చాను. ముగ్గురుంటే పనికిరానన్న రూలు మీది, రాసిచ్చిన చెయ్యి నాది. ఈ శాలువా మీరే కప్పుకోండి."

సభలోంచి ఇంటికొచ్చేశాం. గడప దాటాక అడిగింది.

"ఆ కాగితం ఇంకా ఉందా?"

ట్రంకుపెట్టె అడుగున ఉంది. చించి పారేస్తుందనుకుని తీసిచ్చాను. పారేస్తే నాకూ బరువు దిగుతుందనుకున్నాను. అది మాత్రం జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుంది.

"మా అత్తగారు ఇంకొకర్ని కనమంటన్నారు. మిల్లులో దీన్ని పడుకోబెట్టడానికే చోటు లేదు. ఈసారి అడిగితే ఇది చూపిస్తా" అంది. "ఎక్కువైనవాళ్లని ఏం చేస్తారో ఆవిడకీ తెలియాలిగా, అమ్మా."