పళ్లెంలో జిల్లా పరిషత్తు

మొన్న బస్సులో పోతుంటే మా జిల్లా పరిషత్తు ఆఫీసు ముందు కొత్త బోర్డు కనబడింది. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, బోర్డు కనబడితే వదలను. బస్సు కదిలేలోగా కొత్త జిల్లా పేరు కూడబలుక్కుని చదివేశాను. మా పాత జిల్లా ముక్కలైందని వినడం వేరు, కళ్లారా చదవడం వేరు. ఆ జిల్లా మొత్తాన్ని ఒకప్పుడు రియాద్‌లో నేను ఒక్క పళ్లెంలో పెట్టి మోశాను మరి.

అక్కడి బతా బజారులో మా ఇంటాయన, వీసా ఇచ్చిన అరబ్బు యజమాని కఫీల్ పేరు మీద, చిన్న మెస్ నడిపేవాడు. దాని వెనకే మా రెండు గదుల ఇల్లు. కువైట్ యుద్ధం రోజుల్లో కిటికీ అద్దాలకు టేపులు అంటించుకుని, సైరన్ మోగితే మూలలకు నక్కి, మా జిల్లా వాళ్లు తమవాళ్లు ఎవరెక్కడున్నారో తెలియక తల్లడిల్లారు. మండలానికి ఒకరు చొప్పున శుక్రవారం మా ముందు గదిలో కలిసి తమవాళ్ల క్షేమం చెప్పుకోవడం అప్పుడు మొదలైంది. యుద్ధం ఆగినా కలవడం ఆగలేదు. ఎవరో నవ్వులాటకు జిల్లా పరిషత్తు అన్నారు, అదే నిలిచిపోయింది. ఊళ్లో వార్డు మెంబరుగా ఓడిపోయి వచ్చిన మేస్త్రి తాత ఇక్కడ ఏకంగా జిల్లాకే చైర్మన్ అయ్యాడు. జీతం ఆపిన కంపెనీ, సెలవివ్వని కఫీల్, కూరలో ఉప్పు దగ్గర కొట్టుకున్న బావాబామ్మర్దులు, అన్నీ అక్కడికే వచ్చేవి.

నేను పరదా ఇవతల. మెంబర్ల ముఖాలు తెలియవు, గొంతులూ గ్లాసులూ తెలుసు. ఒక్కో మండలానికి ఒక్కో గ్లాసు. అంచు పగిలింది ఒకరిది, నీలిగీతది ఇంకొకరిది, చక్కెర లేనిది చైర్మన్‌ది. గ్లాసు ఉన్నవాడే మాట్లాడాలి, తన మండలం మనిషికి తానే పూచీ పడాలి. గ్లాసు లేని మండలం సంగతి ఎత్తకూడదు. పోలీసుల దాకా పోతే అందరికీ చుట్టుకుంటుందని భయం.

ఒక అరబ్బుల ఇంట్లో పనిచేసే ఒకామె, నేను చెల్లె అనే పిలిచేదాన్ని, శుక్రవారాలు సరుకులకు వచ్చి నా దగ్గర కాసేపు కూర్చునేది. ఆమె పని గడువు ఎప్పుడో తీరింది. ఆ ఇంటి ముసలమ్మ ఆమె చేతి ముద్ద తప్ప తినదని కఫీల్ ఖురూజ్ వేయించడు. ఆ ముద్ర లేనిదే విమానం ఎక్కనివ్వరు. పాలు మాన్పించి వదిలివచ్చిన కొడుకు అప్పటికి బడికి పోతున్నాడు.

"ఫోన్ల నన్ను ఎవలు నువ్వు అంటున్నడక్కా," అని ఏడ్చింది.

ఆమెది గ్లాసు లేని మండలం.

మా ఇంటాయన ఆమె మాట ఎత్తగానే చైర్మన్ తాత, "గా మండలపోడు ఎవడున్నడు? రేపు ఏమన్నయితే ఎవని మెడకు?" అన్నాడు. నేను మారు చాయ్ పోసి, ఒక గ్లాసు ఎక్కువ పెట్టి, పళ్లెం పరదా కింది నుంచి జరిపాను.

"గీ గిలాస ఎవలదే?"

"గా మండలానిదే తాతా. నా తల్లిగారి ఊరు గాడనే. పూచీ నాది."

"ఆడోళ్లు కూసుంటరా పరిషత్తుల?"

"నువ్వు వార్డుల ఓడింది ఆడామె మీదనే గదా తాతా!" అంది నీలిగీత గొంతు. గదంతా గొల్లుమంది.

తాత నవ్వలేదు. కాసేపటికి ఆ గ్లాసు పరదా కింది నుంచి నా వైపు తిరిగి వచ్చింది. "చల్లారుతది బిడ్డా, తాగు. తాగి చెప్పు."

తాగి చెప్పాను. ముసలమ్మ కొత్త పనిమనిషి చేతికి అలవాటు పడేదాకా నేనే పోయి తినిపిస్తానన్నాను. తాత, మా ఇంటాయన, అరబ్బీ వచ్చిన ఒక హైదరాబాదు డ్రైవరు కలిసి చెల్లె కఫీల్ దగ్గరికి పోయారు. అతను వాళ్ల గహ్వా కాఫీ పోసి, తల తడుముకుని, సరే అన్నాడు. ముసలమ్మ నా మొదటి ముద్ద ఉమ్మేసింది. నెల తిరిగేసరికి నేను ఆలస్యమైతే అలిగేది. చెల్లె ఊరు చేరి ఫోన్ చేసినప్పుడు, వెనక నుంచి "అమ్మా, రావే!" అని ఒకటే గోల, మమ్మల్ని మాట్లాడనివ్వలేదు.

ఆ తరువాత ప్రతి శుక్రవారం పరదా ఇవతల కూడా ఒక గ్లాసు ఉండేది. ఆ మెంబర్లలో ఇప్పుడు ఎవరున్నారో, ఎవరు లేరో. ఉన్నవాళ్లు కూడా తలా ఒక జిల్లా వాళ్లయిపోయారు. పొద్దున చాయ్ పోసేటప్పుడు నా చెయ్యి మాత్రం ఇప్పటికీ ఒక గ్లాసు ఎక్కువ తీస్తుంది. కాలం ఎన్ని హద్దులు గీసినా, చేతికి తెలిసిన జిల్లా ఇంకా పాతదే.