జాబితాలోంచి పోనన్న 614

దెయ్యాలనీ, సూచనలనీ ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. ఇప్పటికీ నమ్మను. ఇది మాత్రం నా కళ్ళ ముందు జరిగింది.

2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న వైటూకే హడావిడిలో, ఆస్ట్రేలియాలో హోబర్ట్‌లోని ఒక పరిశోధన కేంద్రంలో కాంట్రాక్టు మీద పనిచేశాను. అంటార్కిటికా మంచు మీద బతికే సీల్స్‌కి వెనక ఈతరెక్కలకు నంబరు బిళ్ళలు తగిలిస్తారు. ఏటా కనిపించిన నంబర్లు కంప్యూటర్లో ఎక్కిస్తారు. వరసగా కొన్నేళ్ళు కనిపించకపోతే చనిపోయినట్టు రాస్తారు. మంద పెరుగుతోందో తరుగుతోందో ఆ జాబితాయే చెప్పాలి. అందులో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలకు మార్చడం నా పని.

మేనేజర్ హెలెన్ మొదటి రోజే తేదీలు చూసుకుంటే చాలని, సీల్స్ జోలికి రావద్దని అందరి ముందూ చెప్పింది. శుక్రవారం బార్బీకి, అంటే ఆరుబయట మాంసం కాల్చుకు తినే విందుకి, నన్ను తప్ప అందర్నీ పిలిచింది. రెండూ గుర్తున్నాయి.

నవంబరులో ఒక గురువారం, పరీక్ష కోసం జాబితా తీశాను. ఏనాడో చనిపోయిందని రాసేసిన 614 నంబరు ఆడ సీల్ బతికున్నవాటిలో వచ్చింది. పక్కన ఇంగ్లీషులో "పిల్లతో" అని ఉంది. తప్పు నాదేనని హెలెన్ తేల్చేసింది. సోమవారానికి సరిచేయకపోతే నన్ను పంపించేస్తానంది.

ప్రోగ్రాం మొత్తం లైను లైనూ చదివాను. రికార్డు తెరిస్తే "మృతి" అనే ఉంది. జాబితా తీస్తే 614 మళ్ళీ వచ్చేది. నేను ముట్టుకోని పాత ప్రోగ్రాంతో తీసినా అంతే.

పక్క సీటు సలీంది గుంటూరు. ప్రింటర్ దగ్గర ఒకటే నవ్వు.

"ఏంది బాసూ, మీ ఆవిడ మళ్ళీ వచ్చిందా? ఆ ఒక్క రికార్డూ స్కిప్ చేసి ఇచ్చెయ్యరాదా, ఎవడు చూడొచ్చాడు."

"ఇవ్వను. స్కిప్ చేస్తే తప్పు నాదేనని రాసిచ్చినట్టే."

సోమవారం పొద్దున్న, గురువారం తీసిన జాబితానే ఉన్నది ఉన్నట్టు హెలెన్ బల్ల మీద పెట్టాను. ఆమె నా కాంట్రాక్టు ఫైలు తెప్పించుకుంది.

మధ్యాహ్నం మంచు మీది శిబిరం నుంచి ఫ్యాక్స్ వచ్చింది. ముందురోజు 614 కనిపించిందట. బిళ్ళ అరిగిపోయి ఉంటే ఇద్దరు చదివి రూఢి చేసుకున్నారట. పక్కన రోజుల పిల్ల ఉందట.

హెలెన్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని సరిచూసుకుంది. నా ప్రోగ్రాం సరైనదేనంది. క్షమాపణ రాతపూర్వకంగా కావాలన్నాను. ఇచ్చింది. ఆ సాయంత్రం సలీంకి బిర్యానీ తినిపించాను. తల్లీపిల్లా క్షేమంగా ఉన్నారని తలుచుకుంటే ఇప్పటికీ హాయిగానే ఉంటుంది.

హెలెన్‌కి చెప్పనిది ఒకటుంది. ఆ జాబితాలో నంబరూ, తేదీ, ఆడా మగా, అంతే. పిల్ల సంగతి అచ్చయ్యే చోటు పాత ప్రోగ్రాంలోనూ లేదు, నా దాంట్లోనూ లేదు. ఆ గురువారం తర్వాత ఎన్నిసార్లు తీసినా "పిల్లతో" అన్న మాట మళ్ళీ పడలేదు. అదెలా వచ్చిందో నాకు తెలియదు.