అంచు కుట్టని నక్ష

ఆ ఎర్ర తాడును పీకింది నేనే. నా కూతురు మాత్రం అది దానంతట అదే ఊడిందని ఇప్పటికీ అందరికీ చెబుతుంది. తెలిసినవాళ్ళ ఇంట్లో భోజనాలప్పుడు ఆ మాట వస్తే బల్ల కింద నా మోకాలు నొక్కి, "జిగురు సరిగ్గ అంటలేదంట ఆంటీ" అని ముగించేస్తుంది. జిగురు బాగానే అంటింది. రెండు చేతులా పట్టి లాగితే గానీ రాలేదు.

అది ఒక నక్షకు అంటించిన తాడు. మూడు వేల ఏళ్ళ కిందట చైనాలో షాంగ్ అనే రాజవంశం ఉండేది. ఆ కాలపు నేలను, నదులను గుడ్డ మీద కుట్టి చూపించిన నక్ష అది. జర్మనీలో మేముండే ఫ్రైబర్గ్ నుంచి రైలెక్కి వెళ్తే ఒక చిన్న ఊరు వస్తుంది, ఆ ఊరి మ్యూజియం గోడకు వేలాడుతుంటుంది. కుట్టింది నేను.

నా పని మగ్గం వర్క్. కరీంనగర్‌లో ఒక బట్టల కొట్టు వెనక గదిలో, చట్రానికి బిగించిన జాకెట్టు గుడ్డల ముందు కూర్చునే నా వయసంతా గడిచింది. చిన్నప్పుడు నేను చదువుకోలేదు. అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక, కూతురి దగ్గరికి ఇక్కడికి వచ్చినప్పుడే. అవి కూడా ముందు జర్మన్ అక్షరాలు, తర్వాత మన అక్షరాలు. ఈ ఊళ్ళో చదువు రాని ఆడవాళ్ళ కోసం నడిపే కోర్సులో ఒక సిరియా ఆవిడ పక్కన కూర్చుని A రాశాను. అ రాసింది ఇంటికొచ్చాక, వంటింటి బల్ల మీద, కూతురు చెబుతుంటే.

నా కూతురు ఇక్కడే లోహాల చదువు చదివింది. పాత కంచు సామాన్ల మీద పరిశోధన జరిగే చోట ఉద్యోగం చేస్తోంది. చైనాలో పాత కంచు పాత్రలు ఏయే చోట్ల తవ్వకాల్లో బయటపడ్డాయో నక్షల మీద గుర్తించడం దాని పనుల్లో ఒకటి. ఆ మ్యూజియంలో లోహాల మీద ప్రదర్శన పెడుతున్నామని, దాన్ని చూసుకునే ఆవిడ ఒకరోజు మా ఇంటికి భోజనానికి వచ్చింది. పప్పుచారు పోసుకుంటూ నా జాకెట్టు చేతి మీద ఉన్న పనిని వేలితో తడిమి చూసింది. పిల్లలు చేత్తో తాకి తెలుసుకునేలా ఒక నక్ష కుట్టగలరా అని అడిగింది. నా కూతురు ఎగిరి గంతేసింది. నేనూ సంతోషించాను. ఆవిడ మీద నాకు అప్పుడు ఏ కోపమూ లేదు.

నక్ష ఎక్కించే పద్ధతి జాకెట్టు డిజైనుకూ దీనికీ ఒకటే. నా కూతురు గీసి ఇచ్చిన కాగితం మీద గీతల వెంట సూదితో రంధ్రాలు పొడిచి, గుడ్డ మీద పరిచి, నూనెలో కలిపిన పొడిని పైనుంచి రుద్దాలి. రంధ్రాల గుండా చుక్కలు గుడ్డ మీదికి దిగుతాయి. మా ఊళ్ళో అయితే కిరోసిన్. ఇక్కడ దీపాల నూనె సీసా కొనుక్కొచ్చాం. ఆ వాసనకు కిటికీలన్నీ తెరిచి చలిలో కూర్చున్నాం.

చైనాలోని పసుపు నదిని కుడుతున్నప్పుడు, ఇదేంటి, ఇంటర్నెట్‌లో చూపించిన నక్షలో నది ఇటు పోతుంటే నువ్వు అటు తిప్పావు అని నా కూతుర్ని అడిగాను. ఆ నది దారులు మార్చుకుంటూ వచ్చిందట. షాంగ్ కాలంలో ఉత్తరానికి పోయి సముద్రంలో కలిసేదట. ఇప్పటి దారిని గీస్తే ఆ కాలపు ఊళ్ళన్నీ నీళ్ళకు దూరంగా ఎండలో నిలబడతాయని చెప్పింది. సముద్రపు ఒడ్డు కూడా ఇప్పుడున్న చోట లేదట. ఎక్కడుందో ఖచ్చితంగా తెలియదు కాబట్టి దాన్ని విడివిడి కుట్లతో వెయ్యమంది. కంచు దొరికిన చోట రాగిపూస. పాత రాతల్లో పేరుండి, తవ్వకాల్లో ఇంకా ఏమీ దొరకని ఊరికి తెల్లటి ముడికుట్టు. మిగతాది ఉత్త గుడ్డ.

ఆ ఉత్త గుడ్డ దగ్గరే నేను తప్పు చేశాను. మా పనిలో పువ్వయినా నెమలయినా లోపల నింపడం అయ్యాక చుట్టూ అంచు తిప్పాలి. అంచు లేని పనిని మాకు పని నేర్పిన మాస్టర్ మొహాన విసిరికొట్టేవాడు. నా కూతురు ఆఫీసుకు పోయిన రోజు, ఆ పూసలన్నీ లోపలికి వచ్చేలా చుట్టూ చక్కటి ఎర్ర సిల్కు దారంతో గొలుసుకుట్టు వేసేశాను. సాయంత్రం వచ్చి చూసింది.

"అమ్మా, ఈ గీత ఎక్కడిదే?"

"అంచు."

"దేనికి అంచు?"

"వాళ్ళ రాజ్యానికి. నువ్వు గన్ని చుక్కలు పెట్టి ఇడిసిపెట్టినవ్. గుడ్డ మీద బూంది ఒలికినట్టున్నది."

నవ్వింది. తర్వాత బ్యాగు కింద పెట్టి, షూ కూడా విప్పకుండా నా పక్కన కూర్చుంది.

"వాళ్ళ రాజ్యం ఎక్కడిదాక ఉన్నదో ఎవరికీ తెల్వదమ్మా. కంచు దొరికిన ఊర్లు తెలుసు. నడుమల ఎవలున్నరు, ఎవల మాట నడిచింది, అది తెల్వది."

"మరి బడి పుస్తకాలల్ల రంగేసి ఉంటది గద?"

"ఎవరో ఒకలు మంచిగ కనబడుతదని గీసిండ్రు. ఎనకొచ్చినోళ్ళు దాన్నే చూసి గీసిండ్రు. ఇప్పెయ్."

"ఇప్పుడు ఇప్పాల్నా! నా నడుము పోయింది నీ చైనాతోని."

"ఇప్పాలె అమ్మా. నువ్వు కుట్టినవంటె నిజమే అనుకుంటరు."

దాని మీద నాకు ఒళ్ళు మండింది. గొలుసుకుట్టుకు కొస దొరికితే సర్రున ఊడొస్తుంది. కానీ సూది దిగిన రంధ్రాలు గుడ్డలో అలాగే ఉంటాయి. వాటిని గోటితో రుద్ది, ఆవిరి పట్టి పూడ్చాలి. పళ్ళు కొరుక్కుంటూ రుద్దుతుంటే నాకు మా చేను గుర్తొచ్చింది.

మా అత్తగారి చేనులో ఒక నీళ్ళ బాయి ఉండేది. భూమి కొలిచేవాళ్ళు వచ్చి, ఆఫీసు గోడ మీది నక్షలో గీత బాయికి ఇవతల ఉంది కాబట్టి బాయి పక్కవాళ్ళదన్నారు. ఆ గీతను ఎవరు గీశారు, ఎప్పుడు గీశారు, ఏది చూసి గీశారు అని అడిగాను. ఆఫీసులో కూర్చున్నాయన నా వైపు చూడను కూడా చూడలేదు. "నీకేం సమజైతదమ్మా, గీత ఉన్నది గద, అంతే" అన్నాడు. నాకు చదువు రాని రోజుల్లో ఆ 'అంతే' అనే మాట ఎన్నిసార్లు విన్నానో. బస్సు బోర్డు అడిగితే అంతే. మందు చీటీలో ఏముందని అడిగితే అంతే. చదివినవాళ్ళు లోపల ఉన్నదాంట్లోంచి ఒక ముక్క తుంచి నా చేతిలో పెట్టేవాళ్ళు. మిగతాది నాకు అక్కర్లేదని వాళ్ళే తేల్చేవాళ్ళు.

అందుకని రుద్దాను. ఒక్క రంధ్రం కనబడకుండా రుద్దాను. నేను గీయబోయిన గీత కూడా అలాంటిదే కదా.

తర్వాత ఊళ్ళ పేర్లు, నదుల పేర్లు జర్మన్ అక్షరాల్లో కుట్టాను. ఒక్కో అక్షరాన్నీ ముందు కాగితం మీద రాసి, కూతురికి చూపించి, అప్పుడు గుడ్డ మీదికి ఎక్కించాను. నా చేతి అక్షరాలను బయటి మనుషులు చదవబోయేది అదే మొదలు. నా పెళ్ళిలో కూడా వేలిముద్రే వేశాను. ఆ గుడ్డ మీద ఒక్క అబద్ధం కూడా ఉండకూడదని నాకు పట్టుదల వచ్చింది. నాకు అంతకంటే వేరే ఆశ ఏమీ లేదు.

గుడ్డ తీసుకుని మ్యూజియానికి వెళ్ళాం. ప్రదర్శన చూసుకునే ఆవిడ చేతులు రెండూ గుండెల మీద పెట్టుకుని వుండర్‌ష్యోన్, వుండర్‌ష్యోన్ అంది. చాలా అందంగా ఉందని. నది మీద వేలు పెట్టి కొసదాకా పోయింది. అప్పుడు తల పక్కకు వంచింది. గాలిలో వేలితో గుండ్రంగా ఒక చుట్టు చుట్టి, నా కూతురితో ఏదో చెప్పింది. చాలాసేపే చెప్పింది. నా కూతురు నా వైపు తిరిగి చిన్న ముక్క చెప్పింది.

"ఇంకొంచెం క్లియర్‌గ ఉంటే మంచిగుండు అంటున్నదమ్మా. బార్డర్ లెక్క ఏమన్న."

"మొత్తం చెప్పు."

"గంతే."

నా కూతురి నోటి నుంచి కూడా అదే మాట.

"గంతసేపు మాట్లాడింది గంతేనా? ఐన్‌ఫాఖ్ అన్నది. నాకు ఇనబడ్డది. ఎవలను అన్నది?"

ఐన్‌ఫాఖ్ అంటే నాకు తెలుసు. సులువైనది, మామూలుది. మా కోర్సు పుస్తకం అట్ట మీదే ఉంటుంది ఆ మాట. నా కూతురు పెదవి కొరుక్కుంది.

"ఇక్కడికొచ్చేటోళ్ళు పిల్లలు, మామూలు మనుషులు. వాళ్ళకు ఒక రాజ్యం, దాని సుట్టు ఒక గీత, గది చాలు, తెల్వదు గిల్వదు అంటే పరేషాన్ అయితరు అన్నది. అయిపోయిందా? ఇగ కూసో."

మామూలు మనుషులు. అంటే నేను. ఆ గోడ ముందుకు వచ్చి నిలబడే నాలాంటి వాళ్ళు. మాకు ఒక గీత చాలట. ఎవరికీ తెలియని సంగతిని తెలిసినట్టు చూపిస్తే మాకు సుఖమట. ఆవిడ చెడ్డది కాదు, మా ఇంట్లో కూర్చుని మా పప్పుచారు తాగింది, నాకు కుర్చీ తెచ్చి వేసింది. నాకు కోపం తెప్పించింది అదే. మా ఊళ్ళో ఆఫీసాయన కసిరి అన్న మాటే ఈవిడ నవ్వుతూ అంటోంది.

"నైన్" అన్నాను. కుదరదని. ఆవిడ చిన్నపిల్లను చూసి నవ్వినట్టు నవ్వింది.

గుడ్డ అక్కడే ఇచ్చి తిరిగొచ్చేటప్పుడు రైల్లో ఇద్దరం కొట్టుకున్నాం. ఎదుటి సీట్లో కూర్చున్న ముసలాయన వేరే చోటికి లేచిపోయాడు.

"అది వాళ్ళ మ్యూజియం అమ్మా. రేపు మళ్ళ నాకు వాళ్ళతోని పని పడుతది."

"మరి నాతోని ఎందుకు ఇప్పిచ్చినవే?"

మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది.

"అప్పుడది నా నక్ష" అంది. "ఇప్పుడు వాళ్ళది."

ప్రదర్శన మొదలైన రోజు వెళ్ళాం. దూరం నుంచే కనబడింది. బొంతలకు కుట్టే లావుపాటి ఎర్ర తాడు. ఎవరో బడి పుస్తకంలోని ఆకారం చూసి, నా గుడ్డ మీద జిగురుతో గుండ్రంగా అంటించారు. ముడికుట్లలో సగం దాని కింద నలిగిపోయాయి. దక్షిణాన ఇంకో పెద్ద నది ఒడ్డున నేను కుట్టిన రాగిపూస తాడుకు అవతల పడింది.

బడిపిల్లలు వచ్చారు. ఒక పిల్ల వేలు పెట్టి ఆ తాడు వెంట చుట్టూ తిరిగి, రాజ్యం ఇక్కడితో అయిపోయింది అంది. తర్వాత బయట పడిన పూసను గిల్లుతూ ఇదేంటని టీచరును అడిగింది. టీచరు వంగి చూసి, అది అలంకారానికి పెట్టి ఉంటారు అంది.

అలంకారం! అక్కడ మట్టి తవ్వి కంచు బయటికి తీశారు. అందుకే అక్కడ పూస ఉంది. నాకు ఆ మాటలు జర్మన్‌లో అంత తొందరగా ఎక్కడ వస్తాయి? రాలేదు. చేతులు వెళ్ళాయి. లాగాను. తాడు చర్రుమని వచ్చింది. పిల్లలు నోళ్ళు తెరిచారు. నా కూతురు ఎంట్‌షుల్డిగుంగ్, ఎంట్‌షుల్డిగుంగ్ అని అందరికీ క్షమాపణలు చెబుతూ నా మోచెయ్యి పట్టుకుంది. మ్యూజియం ఆవిడ పరుగున వచ్చి, నా పిడికిలిలో ఉన్న తాడునూ గుడ్డనూ మార్చి మార్చి చూసింది.

గుడ్డను చూసి నా ప్రాణం ఉసూరుమంది. తాడు పోయింది కానీ గీత పోలేదు. జిగురు గుడ్డలోకి ఇంకి, గోధుమరంగు మరకలా చుట్టూ నిలిచిపోయింది. ఇదివరకటి కంటే నిజమైన సరిహద్దులా ఉంది. గోటితో రుద్దినా ఆవిరి పట్టినా పోయే రకం కాదు. తీసి లోపల పెట్టేస్తానంది ఆవిడ. నేనే బాగు చేస్తానన్నాను, కోర్సులో నేర్చిన జర్మన్‌లో, వచ్చినంతలో. మరకను దారంతో కప్పుతానన్నాను. ఆవిడ మొహం తేటపడింది. తనకు కావలసిన అంచే కుడతాననుకుంది. నేను ఆ మాట కాదనలేదు.

మ్యూజియం మూసి ఉండే సోమవారాల్లో వెళ్ళి, నక్షను కిందికి దింపి చట్రానికి బిగించి కుట్టాను. మరక మీదుగా ఎర్ర దారంతో అక్షరాలు. కాగితం మీద ముందు రాసి చూసుకున్నాను. ఈసారి కూతురికి చూపించలేదు. మా కోర్సు టీచరుకు చూపించాను. ఒక అక్షరం దిద్దింది. రాజ్యం ఇక్కడ ముగిసిందో లేదో మాకు తెలియదు, అని ఆ వాక్యం. అది అయిపోగానే మళ్ళీ మొదలుపెట్టి, మరక చుట్టూ తిరిగి మొదలెట్టిన చోటికి వచ్చేదాకా అదే కుట్టాను. దక్షిణాన బయట పడిన పూస దగ్గర వాక్యాన్ని వంచి, పూసను చుట్టి తీసుకొచ్చాను.

నా కూతురు అది గోడకెక్కించే రోజునే చూసింది. "అమ్మా" అని ఆగిపోయింది.

ఆవిడ వచ్చి నిలబడింది. ఎక్కడ మొదలో తెలియక మెడ వంచి, పక్కకు జరుగుతూ, నక్ష చుట్టూ కళ్ళు తిప్పుతూ చదివింది. జర్మన్‌లో ఉన్నదాన్ని జర్మన్‌లోనే చదువుకుంది కాబట్టి నా కూతురు మధ్యలో ఏమీ తగ్గించి చెప్పాల్సిన పని పడలేదు. ఆవిడ నవ్వలేదు. నా చేతి వైపు చూసింది, సూది ఇంకా నా చేతిలోనే ఉంది.

విప్పమని అడగలేదు. విప్పితే అడుగున జిగురు మరక, దాని మీద సూది రంధ్రాలు బయటపడతాయని ఈపాటికి ఆవిడకూ తెలుసు.